ఆరు తపాలా కిటికీలు, ఒక యూరప్ ప్రయాణం

మా ఆవిడ మార్తమ్మ మిషన్ దవాఖానలో ఇరవై రెండేళ్లుగా నర్సు. నేను అదే దవాఖానలో స్టోర్ కీపర్‌ని. ఏడో తరగతితో బడి మానేసి, మిగిలిన చదువంతా నిఘంటువు పక్కన పెట్టుకుని సొంతంగా చదువుకున్నవాణ్ణి. మార్తమ్మకు పని నేర్పిన జర్మన్ సిస్టరు పదవీ విరమణ చేసి స్టుట్‌గార్ట్ దగ్గర తన ఊరికి వెళ్లిపోయారు. ఒక్కసారి వచ్చి చూసిపొమ్మని అయిదేళ్లు రాసి రాసి, చివరికి రానూపోనూ విమానం టిక్కెట్లు ఆమే కొని పంపారు. అవి మూడు నెలల వరకు చెల్లుతాయి. అంత దూరం వెళ్లి ఒకే ఊరు చూసి తిరిగిరావడం దండగని నేనే అన్నాను. రెండు వారాలు సిస్టరు ఇంట్లో ఉండి, తక్కిన పది వారాలు వీపున సంచులతో, యూత్ హాస్టళ్లలో బస చేస్తూ తిరగాలని పథకం వేసిందీ నేనే. కాబట్టి కింద రాసే చిరాకులలో సగానికి బాధ్యుణ్ణి నేనేనని ముందే ఒప్పుకుంటున్నాను.

మన ప్రభుత్వం మనిషికి మూడు పౌండ్ల డబ్బుకు మించి వెంట తీసుకుపోనివ్వదు. ఖర్చులన్నీ తాము భరిస్తామని అక్కడివాళ్లు రాసి ఇస్తే తప్ప అనుమతి కాగితం రాదు. ఇలాంటి ప్రయాణం తలపెట్టేవారు ఆ కాగితానికి కనీసం నాలుగు నెలలు ముందుగా తిరగడం మొదలుపెట్టాలి. ఆ నాలుగు నెలల్లో నేను పదకొండు పట్టికలు తయారుచేశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధి దర్జీ చేత డేరా గుడ్డతో రెండు వీపు సంచులు కుట్టించి, వాటిలో ఏ అరలో ఏముండాలో రెండో పట్టికలో రాశాను. ఏడో పట్టిక మా అమ్మాయి సుగుణ కోసం. మేము ఏ తేదీన ఏ నగరంలో ఉంటామో, ఉత్తరం మీద ఏమని రాయాలో అందులో ఉంది. యూరప్‌లో ప్రతి పెద్ద తపాలా కార్యాలయంలోనూ ప్రయాణికుల ఉత్తరాలు దాచి ఉంచే కిటికీ ఒకటి ఉంటుంది. పేరు, పోస్ట్ రెస్టాంట్ అన్న మాట, ఊరి పేరు రాస్తే చాలు, మనం వెళ్లి అడిగి తీసుకోవచ్చు. స్ట్రాస్‌బర్గ్, పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్, వియన్నా. ఆరు నగరాలు, ఆరు కిటికీలు.

సుగుణకు పందొమ్మిదేళ్లు. డిగ్రీ పరీక్షలు రాయవలసిన పిల్ల. ఆ ఏడాది, అంటే 1969, జనవరి నుంచే ప్రత్యేక రాష్ట్రం కోసం సాగిన ఆందోళనతో కాలేజీలు మూతపడ్డాయి, పరీక్షలు ఎప్పుడో చెప్పేవాళ్లు లేరు. బందులు, ఊరేగింపులు, లాఠీ దెబ్బలు మామూలైపోయాయి. ప్రయాణం మానుకుందామని నేను రెండుసార్లు అన్నాను. ఆ పిల్లే ఒప్పుకోలేదు. "మీరు పోండ్రి నాయినా. నేను ఎల్బీనగర్ల మామోల్లింట్ల ఉంట. మీరు ఈడ కూసొని ఏం జేస్తరు, లడాయి ఆపుతరా?" అంది. వారానికి ఒక ఉత్తరం తప్పకుండా రాస్తానని ఒట్టేసింది.

బయలుదేరిన రోజే బందు. మధ్యాహ్నం రెండింటికి సంచులు తగిలించుకుని రోడ్డు మీదికి వస్తే బస్సు లేదు. అరగంట వెతికితే ఒక రిక్షా అతను దొరికాడు. "మలక్‌పేట కాడ టైర్లు కాలవెట్టిన్రు సారు. గల్లీలకెల్లి తిప్పాలె. కిరాయి డబల్ అయితది" అన్నాడు. మా వీపుల వంక చూసి, "మిలిటరీలకు పోతున్నరా, ఇద్దరు?" అని అడిగాడు. నాంపల్లి చేరేసరికి రెండు గంటలు పట్టింది. ఆ ఆలస్యానికి మూడో పట్టికలో చోటు పెట్టుకున్నాను గనుక బొంబాయి రైలు అందింది.

సిస్టరు ఇంట్లో రెండు వారాలు సుఖంగా గడిచాయి. సుగుణ దగ్గర నుంచి ఒక ఉత్తరం ఆ చిరునామాకే వచ్చింది. మే మొదట్లో సిస్టరు మా దారి ఖర్చులకు డబ్బు చేతిలో పెట్టి, కీళ్ల నొప్పులకు వేడినీటి ఊటలున్న ఊరికి వెళ్లిపోయారు, ఇంటికి తాళం పడింది. అక్కడి నుంచి మా వీపు సంచుల యాత్ర మొదలైంది.

యూత్ హాస్టళ్ల గురించి చదివేవారికి ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. చవక నిజమే. జర్మనీలో మూడు నాలుగు మార్కులకు మంచం దొరుకుతుంది. కానీ ఆడవాళ్ల గదులు ఒక అంతస్తులో, మగవాళ్లవి మరో అంతస్తులో ఉంటాయి. ఇరవై ఒక్క ఏళ్లు కాపురం చేసినవాళ్లం, రాత్రి తొమ్మిదికి మెట్ల దగ్గర చేతులూపుకుని విడిపోవలసి వచ్చేది. సబ్బు ఆమె సంచిలో, తువ్వాలు నా సంచిలో. ఇది రెండో పట్టికలోని పెద్ద లోపం. పొద్దున తొమ్మిదికి అందరినీ బయటికి పంపి తలుపులు వేస్తారు, సాయంత్రం అయిదు దాకా తెరవరు. వాన పడినా అంతే. పంపే ముందు ఒక పని కూడా అప్పగిస్తారు. స్ట్రాస్‌బర్గ్‌లో నాకు మెట్లు తుడిచే పని పడింది. రోగులను ఎత్తి అలవాటున్న మార్తమ్మ ఒక్క రోజూ అలసిపోయానని అనలేదు, కానీ సంచి పట్టీ కింద చీర కొంగు నలిగిపోతోందని రోజుకు నాలుగుసార్లు ఆగేది. ఆగినప్పుడల్లా నేను గడియారం చూసేవాణ్ణి.

"గడియారం ఎందుకు జూస్తవ్? గా చర్చి ఏడికన్న పోతదా?" అనేది.

ఇవన్నీ భరించదగ్గవే. భరించలేనిది తపాలా కిటికీ. స్ట్రాస్‌బర్గ్‌లో ఉత్తరం లేదన్నారు. తొందరపడ్డామనుకున్నాను. పారిస్‌లో పెద్ద తపాలా కార్యాలయానికి వరుసగా మూడు రోజులు వెళ్లాను. లేదు. బ్రస్సెల్స్‌లో లేదు. కిటికీ దగ్గర ఏం చేయాలో నేను ఒక ఇంగ్లీషు మార్గదర్శినిలో చదివి నేర్చుకునే వెళ్లాను. యూరప్‌లో మనిషిని ఇంటిపేరుతోనే గుర్తిస్తారు, ఆ పేరే స్పష్టంగా చెప్పాలి అని అందులో ఉంది. అందుకని తెల్లని చీటీ మీద పెద్ద అక్షరాలతో 'కట్కూరి' అని మాత్రమే రాసి, కింద గీత గీసి, కిటికీలోంచి అందించేవాణ్ణి. గుమాస్తా కె అక్షరం అర తీసి, ఒక్కొక్క కవరూ తిప్పి, తల అడ్డంగా ఊపేవాడు. దవాఖాన స్టోరులో నేను కూడా అక్షర క్రమంలోనే అరలు సర్దుతాను. అందుచేత వాళ్ల పద్ధతి మీద నాకు గౌరవమే తప్ప అనుమానం కలగలేదు. అనుమానమంతా సుగుణ మీదికి పోయింది. ప్రతి నగరం నుంచీ ఆ పిల్లకు ఒక ఉత్తరం రాశాను. మొదటిదానిలో మందలించాను. నాలుగోదానికి వచ్చేసరికి, ఇచ్చిన మాట నిలబెట్టుకోని మనిషికి చదువెందుకు అని రాశాను.

ఆమ్‌స్టర్‌డామ్ కిటికీ ముందు మార్తమ్మ ఒక మాట అంది. "సుగుణ నాయినా, చీటీ దేనికి? పాస్‌పోర్టు సూపెట్టరాదూ."

పాస్‌పోర్టు మెడలో చొక్కా లోపలి సంచిలో ఉంది. పదిమందిలో దాన్ని బయటికి తీయకూడదని తొమ్మిదో పట్టికలో నియమం ఉంది. ఆ మాటే చెప్పాను.

కొలోన్‌లో అయిదో కిటికీ కూడా లేదంది. ఆ మధ్యాహ్నం వాన పడుతుంటే, హాస్టలు తలుపులు అయిదు దాకా తెరవరు గనుక, ఒక గ్రంథాలయంలో తలదాచుకున్నాం. అక్కడ ఇంగ్లీషు పత్రికలో లోపలి పేజీన మన ఊరి పేరు కనిపించింది. ఆరు వాక్యాల వార్త. హైదరాబాదులో కాల్పులు, మృతులు, కర్ఫ్యూ, మృతులలో విద్యార్థులు. పేర్లు లేవు. పేటలు కూడా రాయలేదు. నేను మూడుసార్లు చదివి మార్తమ్మకు చెప్పాను. ఆమె తన సంచి బొత్తాలు పెట్టుకుంది. తిన్నగా తపాలా కార్యాలయానికి నడిచి, నాలుగు రోజుల తిండి ఖర్చుతో తంతి కొట్టాను: క్షేమం తెలుపు, వెంటనే జవాబు, వియన్నా పోస్ట్ రెస్టాంట్.

కర్ఫ్యూలో జవాబు రావడానికి వారం పైనే పడుతుందని తంతి గుమాస్తా అనడంతో, పది రోజులు కొలోన్ చుట్టుపక్కల ఊళ్ల హాస్టళ్లలోనే గడిపాం. అక్కడి నుంచి మ్యూనిక్‌కు రైలులో ఏడు గంటలు. మ్యూనిక్ హాస్టలులో మా సభ్యత్వ కార్డులు చూసిన వార్డెను వాటిని మర్యాదగా వెనక్కిచ్చాడు. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రమంతటా ఇరవై ఏడేళ్లు దాటినవారికి హాస్టళ్లలో చోటివ్వరట. "అయ్యా, ఈ సంగతి మీ కార్డు మీద ఎక్కడా లేదే" అన్నాను. "గోడ మీద ఉంది" అని చూపించాడు. నిజంగానే ఉంది, జర్మన్‌లో.

"పిల్లల హాస్టల్ల మనకు జాగ లేదంట. ముసలోల్ల ఆశ్రమం ఏడుందో గదన్న అడుగు" అంది మార్తమ్మ. కొలోన్ తరువాత ఆమె నోట వచ్చిన మొదటి వేళాకోళం అది, అయినా ఆ ముఖంలో నవ్వు లేదు. స్టేషనులో ఆడవారికి ధర్మబస ఉంటే ఆమెకు అక్కడ మంచం దొరికింది. నేను ప్రయాణికుల గదిలో కూర్చున్నాను.

మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర రైలులో వియన్నాకు బయలుదేరాం. రైలులోనే నిర్ణయించుకున్నాం. వియన్నాలో జవాబు లేకపోతే ఆ రోజే విమానాల కార్యాలయానికి వెళ్లి, టిక్కెట్టు తేదీ ముందుకు జరిపించుకుని ఇంటికి పోవాలి. ఇన్స్‌బ్రుక్ కొండ మీద మంచు ముట్టుకోవాలన్నది ఈ ప్రయాణం మొత్తంలో మార్తమ్మ అడిగిన ఒకే ఒక్క కోరిక. దాన్ని ఆమే స్వయంగా కొట్టివేయమంది. అయిదో పట్టికలో ఆ వరుస మీద గీత పెట్టాను.

మధ్యాహ్నం రెండున్నరకు వియన్నా పెద్ద తపాలా కార్యాలయం చేరాం. చీటీ ఇచ్చాను. నెరిసిన మీసాల గుమాస్తా కె అర తీసి, రెండుసార్లు చూసి, లేదన్నాడు. తంతి కూడా లేదా అని అడిగాను. లేదన్నాడు. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని మార్గదర్శినిలో విమానాల కార్యాలయం చిరునామా వెతకసాగాను.

మార్తమ్మ వంగి, నా చొక్కా గుండీ తీసి, మెడలోని సంచి పైకి లాగింది. దారిన పోయేవాళ్లు చూస్తున్నారు.

"ఏం జేస్తున్నవ్?"

"నియమం నీది, నాది గాదు" అని పాస్‌పోర్టు తీసుకుని లోపలికి వెళ్లింది.

పది నిమిషాల తరువాత వచ్చింది. చేతిలో మూడు విమాన ఉత్తరాలు, ఒక తంతి. నా పక్కన కూర్చుని, వాటిని ఒళ్లో పెట్టుకుంది.

"పాస్‌పోర్టు ఇచ్చిన. చివర్ల ఉన్న పేరు సూసిండు. దేవదానం అని సదివిండు. డి డబ్బ తీసిండు. అన్ని గండ్లనే ఉన్నయి."

ఇక్కడ వివరించవలసింది పెద్దగా లేదు. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనుక. వాళ్ల పద్ధతిలో వెనుక ఉన్నదే ఇంటిపేరు. నేను ఏడో పట్టికలో నా పేరు పుట్టినప్పటి నుంచీ రాస్తున్నట్టే కట్కూరి దేవదానం అని రాసి ఇచ్చాను. సుగుణ దాన్ని అక్షరం తప్పకుండా నకలు చేసింది. ఆరు నగరాల గుమాస్తాలు వాటిని నియమం ప్రకారం దేవదానం కింద సర్దారు. ఎవరి పని వాళ్లు సక్రమంగానే చేశారు. కిటికీలు మార్చి మార్చి తప్పు అరలో వెతికించినవాణ్ణి నేనొక్కణ్ణే.

తంతిలో ఇంతే ఉంది: అందరం క్షేమం, ప్రతి వారం రాస్తున్నాను, ఎందుకు తిడుతున్నారు, సుగుణ.

మూడు ఉత్తరాలలో చివరిదాన్ని మార్తమ్మ పైకి చదివింది. ఆమె గొంతు దవాఖానలో ఉష్ణోగ్రత చదివి చెప్పే గొంతులాగే ఉంది. "నాయినా, నీ తంతి అందినప్పుడు కర్ఫ్యూ ఉండె. సడలించిన రెండు గంటలల్ల జవాబు ఇయ్యాలని మామకు జెప్పకుంట ఒక్కదాన్నే మలక్‌పేటకు ఉరికిన. తంతి ఇచ్చి ఒస్తుంటె చౌరస్తా కాడ పోలీసులు లాఠీలు తీసిండ్రు. అందరితోని నేను గూడ ఉరికిన. చెప్పులు ఆడనే పోయినయి. దెబ్బలు తాకలె. మామ మస్తు కోపం జేసిండు. నువ్వు గూడ కోపం జెయ్యకు. వారం వారం రాసిన. ఎందుకు అందలేదో నాకు ఎర్కలేదు."

ఆ పిల్ల ఆ వీధిలోకి వచ్చింది నా తంతి వల్ల. ఆ తంతి నేను కొట్టింది నా చీటీ వల్ల. మార్తమ్మ ఆ మాట అంటుందని ఎదురుచూశాను. ఆమె ఉత్తరం మడిచి కవరులో పెట్టి, "లే, ఆకలైతుంది" అంది. తపాలా కార్యాలయం ఎదుటి కొట్టులో రొట్టె, ఉడికించిన బంగాళాదుంప తిన్నాం. తిన్న తరువాత నేను పదకొండో పట్టిక తీసి, ఇంటికి తీసుకుపోవలసిన వాటిలో 'చెప్పులు, ఆరో నంబరు' అని రాశాను. ఆమె ఆ పట్టిక తీసుకుని చదివి, ఆరు కొట్టేసి అయిదు చేసింది. కూతురి కాలి కొలత కూడా నాకు సరిగా తెలియదు.

రెండు రోజులు వియన్నాలో ఉండి ఇన్స్‌బ్రుక్ వెళ్లాం. తీగల మీద నడిచే పెట్టెలో కొండెక్కితే, రాళ్ల నీడలో మిగిలిన మంచు కనిపించింది. మార్తమ్మ చెయ్యి పెట్టి చూసి, "గింతేనా? సుగుణ ఉంటె మీద జల్లుకునేది" అంది. అక్కడికి నేను నలభై నిమిషాలు కేటాయించాను. మూడు గంటలు కూర్చున్నాం. నేను గడియారం సంచిలో పెట్టేశాను.

మేము ఇంటికి వచ్చిన చాలా వారాలకు, పరీక్షల తేదీ ఇంకా తేలక ముందే, తిరుగుటపాలో సుగుణ పాత ఉత్తరాలు ఒక్కొక్కటే రాసాగాయి. పారిస్ ముద్రతో రెండు, ఆమ్‌స్టర్‌డామ్ ముద్రతో ఒకటి, ఇలా. పారిస్‌లో చదవవలసినదాన్ని దిల్‌సుఖ్‌నగర్‌లో మా వరండాలో కూర్చుని, కొత్త చెప్పులు వేసుకున్న పిల్ల ఎదుట చదివాను. అందులో బందుల సంగతి తక్కువ. మామగారి మేక ఈనిందని, మీరిద్దరూ పోట్లాడుకోకండని ఉంది. నేను ఆమెకు పంపిన ఉత్తరాలు అన్నీ సకాలంలో అందాయి. అవి ఎక్కడున్నాయని అడిగాను. నాలుగోది తప్ప అన్నీ దాచానంది. నాలుగోది ఏం చేసిందో చెప్పలేదు, నేనూ రెట్టించలేదు. ఆ తరువాత నేను ఎన్నో పట్టికలు తయారుచేశాను గానీ, ఎదుటివాళ్లు తప్పు చేశారని తేల్చే ముందు నా పట్టిక ఇంకోసారి చదువుకుంటున్నాను.

ఇలాంటి ప్రయాణం చేయబోయేవారికి ఒక్క సూచన. తపాలా కిటికీ దగ్గర చీటీ ఇవ్వకండి; పాస్‌పోర్టు చేతికిచ్చి, మీ పేరులోని ప్రతి మాట కింద ఉన్న అరనూ వెతకమనండి. అప్పటికీ ఉత్తరం లేదంటే, ఇంటికి రాసే జవాబులో తిట్టకండి. మీ తిట్టు మాత్రం తప్పకుండా అందుతుంది.