తిమింగలం ఊపిరి వినిపించే దూరం

కిందటి వారం చెవుల డాక్టరు మా ఆవిడ పెట్టుకునే వినికిడి మిషన్లు రెండూ తీసి బల్ల మీద ఉంచి, ఇక వీటివల్ల ప్రయోజనం లేదని నాతో చెప్పారు. గొంతు తగ్గించవలసిన అవసరం కూడా ఆయనకు లేకపోయింది. పక్కనే కూర్చున్న ఆవిడ మా ఇద్దరి ముఖాలూ చూసి, సంగతి తెలిసినట్టు తలూపి, చేతిసంచీ సర్దుకుంది. బయట కురుస్తున్న మంచులో కారు నడుపుకుంటూ టొరంటో దగ్గరి కేంబ్రిడ్జ్‌లోని మా ఇంటికి వస్తుంటే, ఆరేళ్ళ కిందట మేము వాంకూవర్‌లో ఎక్కిన ఓడ, అది ఆగిన ప్రిన్స్ రూపర్ట్ రేవు, ఆ రేవులో మేము ఎక్కకుండా వదిలేసిన ఒక చిన్న పడవ నా కళ్ళ ముందు మెదిలాయి.

మన తరం మగవాళ్ళలో చాలామందికి తమ భార్యలు ఏం కోరుకున్నారో తెలియదు. మనం అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. నాకు ఆ సాకు కూడా లేదు. ఈ దేశం వచ్చిన కొత్తలో దొరికిన పనులేవీ మా ఇంటి పేరుకు తగినవిగా కనిపించక నేను రెండేళ్ళు ఇంట్లో కూర్చుంటే, ఆవిడ పట్టుచీరలు పెట్టెలో పెట్టి, వేళ్ళ దగ్గర ఇనుప తొడుగున్న బూట్లు వేసుకుని, కారు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషన్ల దగ్గర పనికి కుదిరింది. తరువాత నాకొక ఆఫీసులో కుర్చీ ఉద్యోగం దొరికినా తను మాత్రం రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయింది. చెవుల్లో బిరడాలు పెట్టుకున్నా ఆ చప్పుడు ఎముకల్లోంచి లోపలికి పోయేదట. పక్క మిషను దగ్గర పనిచేసే ఒక పెద్దావిడ ఈ దేశపు పడమటి తీరం నుంచి వచ్చిన మనిషి. తిమింగలం కనిపించడానికి ముందే వినిపిస్తుందని, పొగమంచులో పడవ ఇంజను ఆపేస్తే నీళ్ళలోంచి కొలిమితిత్తి ఊదినట్టు పెద్ద ఊపిరి వస్తుందని, అది విన్నాక కాసేపు ఎవరికీ మాట్లాడబుద్ధి కాదని భోజనాల వేళ చెబుతుండేదట. మా ఆవిడ ఆ కబురు ఇంటికి తెచ్చి నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెవులు మందగిస్తున్నాయని డాక్టరు మొదటిసారి చెప్పిన రోజున, నలభయ్యేళ్ళ కాపురంలో మొదటిసారిగా నన్ను ఒకటి అడిగింది, అవి పూర్తిగా పోకముందు ఆ ఊపిరి ఒక్కసారి వినాలని.

మా ఇంటి సంగతి కూడా కొంత చెప్పాలి. గోదావరి మీద మా తాతగారికి మూడు లాంచీలు ఉండేవి. రేవులో ఆయన గొడుగు కనిపిస్తే టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్నవాళ్ళు కూడా లేచి నిలబడేవారు. వంతెన కట్టాక రాబడి పడిపోయి ఒక్కొక్కటే అమ్ముకున్నాం. చివరి లాంచీని, మా దగ్గర సరంగుగా ఉండి దాన్ని నడిపినవాడే లంకల వైపు తిప్పుకోవడానికి కొనుక్కున్నాడు. మొదటి ప్రయాణానికి మా నాన్నగారు వచ్చి కూర్చుంటే చాలునని ఇంటికొచ్చి చేతులు జోడించి పిలిచాడు. నాన్నగారు వెళ్ళలేదు. కోపంతో కాదు, మనది కాని పడవలో ఒకరి దయ మీద కూర్చోకూడదన్నారు. ఆ తరువాత అవతలి ఒడ్డున పనిపడితే ఎండలో బస్సెక్కి వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేవారే తప్ప, బతికినంత కాలం ఆ రేవులో కాలు పెట్టలేదు. అది తప్పని నేను ఇప్పటికీ అనలేను. పడిపోయిన ఇంట్లో పడకుండా మిగిలిన దూలం అదొక్కటే. దాని కిందే నేను పెరిగాను.

ఆవిడ అడిగిన ఆ ఊపిరి కోసమే మేము ఎక్కిన ఓడలో టొరంటో వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు కొందరు ఉన్నారు. మొదటి రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆవిడ పెరుగు కోసం వెదుక్కుంటుంటే ఒక అరవయ్యేళ్ళాయన గిన్నె అందించి, మాటల్లో మా ఇంటి పేరు విని, చేతిలోని పళ్ళెం పక్కన పెట్టేసి నాకు నమస్కారం చేశాడు. మా సరంగు కొడుకు! టొరంటో పక్కనే వాన్ అనే ఊళ్ళో సొంతంగా ట్రక్కులు తిప్పుతున్నాడట. చినబాబుగారూ అన్నాడు. ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందో, నా వెన్ను దానంతటదే నిటారయింది. మా ఆవిడ మాత్రం అయిదు నిమిషాల్లో అతణ్ణి తమ్ముడూ అనేసింది, తిమింగలం ఊపిరి సంగతీ చెప్పేసింది. ఓడ నడిచినంతసేపూ ఇరువైపులా నీళ్ళలోకి దిగిన అడవి కొండలు, వాటి మీద నుంచి తెల్లటి దారాల్లా జారే జలపాతాలు, చెట్ల చివళ్ళ మీద కదలకుండా కూర్చున్న తెల్లతల గద్దలు. ఆవిడ అన్నీ చూస్తూనే ఉన్నా చెవి మాత్రం నీళ్ళ వైపే ఒగ్గి ఉండేది.

తిమింగలాలను చూపించే చిన్న పడవలకు ముందే టిక్కెట్లు తీసుకోవాలి. ఓడలోని కౌంటరు ముందు పెద్ద వరుస ఉంది. వరుసలో తోసుకుంటూ నిలబడడం నాకు అలవాటు లేదు, రద్దీ తగ్గాక వెళదామనుకున్నాను. వెళ్ళేసరికి చోట్లన్నీ అయిపోయాయి. ఆ మాట సరంగు కొడుకు చెవిన పడింది. ప్రిన్స్ రూపర్ట్‌లో ఓడ ఆగిన ఉదయం, మేము కాఫీ తాగుతుంటే రెండు టిక్కెట్లతో వచ్చాడు.

“మా అబ్బాయికీ కోడలికీ ఓడ పడ్లేదండీ, ఒకటే వాంతులు. మీరిద్దరూ వచ్చెయ్యండి చినబాబుగారూ. అమ్మగారికి ఆ బుస వినిపించెయ్యాలివాళ.”

అయితే డబ్బు తీసుకొమ్మన్నాను.

“మీ దగ్గర తీసుకుంటే మా నాన్న కల్లోకొచ్చి తంతాడండి బాబూ!” అని నవ్వాడు. “పెద్దబాబుగారు మన లాంచీ ఎక్కలేదని చచ్చేదాకా చెప్పుకుని బాధపడ్డాడండి. మీరు ఈ పడవైనా ఎక్కండి.”

అతను ప్రేమతోనే అన్నాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నాన్నగారు ఎండలో బస్సు కోసం నిలబడి ఉండడమే కనిపించింది. మోకాలు నొప్పిగా ఉందన్నాను.

“పోనీ అమ్మగారిని పంపండి. మా ఆవిడుంది కదా, జాగ్రత్తగా తీసుకొస్తాం.”

మా ఆవిడ నా ముఖం వైపు చూసింది. వెళ్ళిరా అని ఒక్క మాట అనవలసింది. నేను కాఫీ కప్పు అందుకున్నాను.

“వద్దులే తమ్ముడూ, ఈయన మోకాలికి కాపలా ఎవరుంటారు?” అంది ఆవిడ. నా మోకాలికి ఏమీ లేదని ఆవిడకు తెలుసు.

ఆ పూటంతా డెక్కు మీద కమ్మీ పట్టుకుని నిలబడింది. చాలాసేపటికి ఎక్కడో దూరాన నీళ్ళ మీద ఆవిరిలా తెల్లగా ఏదో లేచి చెదిరిపోయింది. దాని పక్కన గోరంత పడవ ఒకటి, కదలకుండా. ఇంజను ఆపేసి ఉంటారు. మా ఓడలో మిషన్ల రొద, పై అంతస్తులో ఎవరో పెట్టిన పాటలు. ఆవిడ చెవి వెనక అరచెయ్యి ఆన్చి ముందుకు వంగింది. నేను శాలువా తెచ్చి భుజాల మీద కప్పాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

సాయంత్రం అతను ఉప్పుగాలికి ఎర్రబడిన ముఖంతో పరుగున వచ్చి, “అమ్మగారూ, మీకోసం పట్టుకొచ్చానండీ!” అంటూ సెల్‌ఫోను ఆవిడ చెవికి ఆనించాడు. ఆవిడ కళ్ళు మూసుకుని చివరిదాకా విని, భలే ఉంది తమ్ముడూ అంది. గదికి వచ్చాక ఎలా ఉందని అడిగాను.

“గాలి హోరూ, జనం అరుపులూ, అంతేనండీ. పాపం, ఎంత అపురూపంగా తెచ్చాడో,” అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మరోసారి రావచ్చులే అనుకున్నాను. మరుసటి చలికాలానికి ఆవిడకు పక్షుల కూతలు పోయాయి, ఆ తరువాత టెలిఫోను మోత, ఆ తరువాత నా గొంతు. ఒక్కసారి కూడా నన్ను నిష్ఠూరమాడలేదు. ఆడి ఉంటే నేనేదో జవాబు చెప్పుకునేవాణ్ణి.

మా రేవులో ఇప్పుడు లాంచీలే లేవట. వంతెన మీద వెళ్ళేవాళ్ళు కిటికీలోంచి గోదావరి వైపు చూడనైనా చూడరట. ఎవరు ఎవరి పడవ ఎక్కలేదో గుర్తుంచుకున్నవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ మిగలలేదు. ఇంత దూరంలో నేనొక్కణ్ణే మిగిలాను.

పెదవుల కదలిక చూసి మాట పోల్చుకోవడం ఆవిడకు బాగా పట్టుబడింది. అందుకని ఆవిడ వంటగదిలో అటు తిరిగి కూర తరుగుతున్నప్పుడు, గుమ్మంలో నిలబడి, ఆ రోజు నిన్ను పంపవలసింది, నాదే తప్పు అని పైకే అంటాను. మూడు తరాలుగా మా ఇంటి మగవాళ్ళు ఎవరితోనూ అనని మాట ఇప్పుడు నాకు ఎంత తేలికగా వస్తోందో! అంతలో ఆవిడ ఏదో అడగబోయి ఇటు తిరుగుతుంది. నేను పెదవులు మూసుకుంటాను.