చేయలేనివి రాసిపెట్టిన డాక్టరు సారు

మంగళవారం పొద్దున కోనరావుపేట ఆరోగ్య కేంద్రంలో పనిచేసే నర్సు ఫోన్ చేసింది. "మన డాక్టరు సారు పోయిండు మేడం. కోరుట్లల, ఇంట్లనే" అంది. జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సు కోసం నిలబడ్డాను. ఆయనకు చూపించాల్సిన కాగితాలు సంచిలోనే ఉన్నాయి. వచ్చే ఆదివారం వెళ్దాంలే అనుకుంటూ నెల గడిపేశాను.

ప్రభుత్వ వైద్యాధికారులు ఎక్కడెక్కడ, ఎంతకాలం పనిచేశారు, వాళ్ల వల్ల ఊళ్లకు ఒరిగిందేమిటి అన్నది నా పరిశోధన. రిటైరైన వాళ్ల ఇళ్లకు వెళ్లి అడిగేదాన్ని. చాలామంది శాలువాలు కప్పించుకున్న ఫొటోలు చూపించేవారు. ఈ సారు మాత్రం చాయ్ ఇప్పించి, "నా సంగతి నన్నే అడిగితె ఏమొస్తది బిడ్డా? పిల్లగాని గుణం పిల్లగాన్నే అడిగి పెండ్లి చేస్తరా?" అని నవ్వారు.

ఆయనకో అలవాటు ఉండేది. బదిలీ అయినప్పుడు అందరూ తాము సాధించినవి రాసి చార్జి అప్పగిస్తారు. ఈయన తన తర్వాత వచ్చే డాక్టరు కోసం, చేయలేకపోయినవి రాసిపెట్టేవారు. బుగ్గారంలో, కోనరావుపేటలో, ముస్తాబాద్‌లో, పనిచేసిన ప్రతిచోటా ఒక కాగితం. "కాన్పుల గదికి నీళ్లు తేలేకపోయిన." "వాగు అవతలి పిల్లలకు టీకాలు అందలేదు." తన దగ్గర దాచుకున్న నకళ్లన్నీ అడగ్గానే నా చేతిలో పెట్టారు.

నేను చేసిన తెలివితక్కువ పని ఇక్కడే. వాటన్నిటినీ ఆయన ఓటములుగా రాసుకున్నాను. పైగా ఆయన ఎక్కడా రెండేళ్లు నిలవలేదాయె. నా పట్టికలో ఆయన పేరు అందరికంటే కిందికి పోయింది. రాసిన అధ్యాయం తీసుకెళ్లి చూపిస్తే, కళ్లద్దాలు తుడుచుకుంటూ మొత్తం చదివి, "మంచిగనే రాసినవ్ బిడ్డా" అన్నారు. ఆ మాట నమ్మి సంతోషంగా బస్సెక్కాను. పెద్ద చదువు చదివినదాన్ని కదా!

తర్వాతెప్పుడో సిరిసిల్లలో పని ఉండి, అటు నుంచి కోనరావుపేట వెళ్లాను. ఆ నర్సు బీరువాలోంచి సారు రాసిన అసలు కాగితం తీసింది. ఒకటి రెండు తప్ప అన్ని వాక్యాల మీదా ఎర్ర సిరా గీతలు.

"ఎనుక అచ్చిన డాక్టర్లు ఒక్కొక్క పని చేసుకుంట కొట్టేసిన్రు మేడం. గీ కాగితం లేకుంటె కొత్తోళ్లకు ఎట్ల ఎరుకైతది?" అంది.

నా దగ్గరున్న నకళ్లలో ఆ గీతలు లేవు. సిగ్గుతో చచ్చిపోయాను. బుగ్గారం వెళ్లాను, ముస్తాబాద్ వెళ్లాను. అక్కడా అవే గీతలు. ఆయన గురించిన అధ్యాయమంతా తిరగరాశాను. సంచిలో మోసుకెళ్తున్నది అదే.

కోరుట్లలో ఆయన్ని శ్మశానానికి తీసుకెళ్లాక సారు భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక నోటుబుక్కు ఒళ్లో పెట్టింది. "పది దినాల సంది పానం మంచిగ లేకుండె. గప్పుడు రాసిండు. గిదేందో సూడు బిడ్డా" అంది. చివరి పేజీలో అదే దస్తూరి, పైన అదే మాట: చేయలేకపోయినవి.

"జగిత్యాల బిడ్డ కోనరావుపేట పోకుండనే రాసింది. పోయి చూడుమని చెప్పలేకపోయిన. చిన్నబుచ్చుకుంటదని."

ఏడుపు ఆపుకోలేకపోయాను. వెళ్లి చూశాను సార్ అని ఎవరికి చెప్పను? పెన్ను తీసి ఆ మాటల మీద గీత గీశాను.

దాని కింద ఇంకొకటి ఉంది. "ఈమె బీపీ గోలీలు ఒడువవట్టినయి. తేలేదు."

"పొద్దుగాల గోలీ ఏసుకున్నరా అమ్మా?" అని అడిగాను.

"ఏడియి బిడ్డా, మొన్ననే ఒడిసినయి, ఒక్కటి గూడ లేదు" అంది.

నోటుబుక్కు చంకలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని మందుల దుకాణానికి బయలుదేరాను. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది.