మాసమ్మ చెప్పిన సాక్ష్యం

ధరూర్ దగ్గరి పల్లెలో వేరుశనగ పండించుకునే మాసమ్మ, భర్త పోయినప్పటి నుంచి మరిది తిమ్మప్ప అండతోనే సేద్యం చేస్తోంది. ఆ మరిదే ఇప్పుడు పంచాయతీ ఆఫీసులో, సర్వేయర్ మీద తానిచ్చిన ఫిర్యాదు విచారణకు వచ్చిన అధికారి ముందు నిలబడ్డాడు.

"సర్వేయర్ మేడం పక్క చేనోళ్ల కాడ లంచం తిని మా హద్దు జరిపింది సార్" అన్నాడు.

ఊరంతా అదే పుకారు. సర్వేయర్ షాహీన్ కాదన్నా ఎవరూ నమ్మలేదు.

"కొలిచిన రోజు అక్కడ ఎవరున్నారు?" అని అడిగాడు అధికారి.

తిమ్మప్ప వదిన వైపు ఉరిమి చూశాడు. నిజం చెబితే చేను తగ్గుతుంది, మరిది అండా పోతుంది. అయినా మాసమ్మ లేచింది.

"నేనున్న సారూ. మేడం చూపెట్టిన కాడ తవ్వితే పాత హద్దురాయి తేలింది. ఆమె పోయినంక మా మరిది దాని మీద మన్ను కప్పిండు. ఆ మేడం ఎవ్వరి కాడ ఏం తినలే."

"నీకేమన్న పిచ్చి లేసిందా వదినా!" అని అరిచాడు తిమ్మప్ప.

అధికారి అందరినీ చేనికి నడిపించాడు. మాసమ్మ చూపిన చోట తవ్వగానే గడ్డపార ఖణేల్‌మంది. ఫిర్యాదు అక్కడికక్కడే కొట్టేశారు.

ఆ ఏడు మాసమ్మ కిరాయి ట్రాక్టరుతో దున్నించుకుంది. తిమ్మప్ప మాత్రం ఆమె గడప తొక్కలేదు.