ఉప్పు లేని పథ్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో మందు అంటే సగం మాత్ర, సగం పథ్యం. జ్వరమైతే పులుపు మానాలి, దగ్గైతే పెరుగు మానాలి, కామెర్లైతే ఉప్పూ కారమూ రెండూ మానాలి. ఏ జబ్బుకు ఏది మానాలో మా అవ్వకు నోటికి వచ్చు. నోరు కట్టుకోకుండా మింగిన మందు ఒంటికి పట్టదని ఆమె నమ్మకం. మాది పుంగనూరు దగ్గర పల్లె. ఇది తొంభైల నాటి మాట.

ఆ ఇంట్లో నాకు అర్థం కాని మనిషి మా చిన్నాయన. ఆయన ఒకరు కాదు, ఇద్దరేమో అనిపించేది. ఒక చిన్నాయన తెల్లవారకముందే లేచి టమేటా తోటలో ఒక్కడే నలుగురి పని చేసేవాడు. నిద్ర అక్కర్లేదనేవాడు. నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని పుంగనూరు దాకా పాడుతూ తొక్కేవాడు. దారిలో ఎదురైన వాళ్లందరినీ పెండ్లికి రమ్మనేవాడు. ఎవరి పెండ్లి అని అడిగితే ఇంకా ఖాయం కాలేదనేవాడు. ఇంకో చిన్నాయన గోడవైపు తిరిగి పడుకుని నెలల తరబడి లేచేవాడు కాదు. స్నానానికి రమ్మంటే కళ్ల నీళ్లు పెట్టుకునేవాడు. ఒకరు పోయి మరొకరు ఎందుకు వస్తారో ఎవరూ నాకు చెప్పలేదు. వాళ్లకూ తెలియదని తర్వాత అర్థమైంది.

ఊళ్లో గాలి సోకిందన్నారు. అవ్వ ఆయన్ను తన పుట్టినూరు కుప్పం వైపు ఉన్న నాటువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది. పసరు తాగించారు, చప్పిడి కూడు పెట్టించారు. గుణం కనిపించలేదు. ఒకరోజు చిన్నాయన మా అమ్మతో, నాకు బతకాలని లేదు వదినా అన్నాడు. ఆ మాట విన్న రోజే మా నాయన ఆయన్ను బస్సెక్కించి మదనపల్లె తీసుకెళ్లాడు.

అక్కడి డాక్టరమ్మ చెప్పింది నాయన ఇంటికొచ్చి మాకు చెప్పాడు. మనసు పట్టలేనంత పైకి పోవడం, లేవలేనంత కిందికి పడడం వేర్వేరు జబ్బులు కావట, ఒకే జబ్బుకు రెండు కొసలట. ఇప్పుడు బైపోలార్ అంటున్నది దాన్నే. లిథియం అనే మాత్ర రాసింది. అది తక్కువైతే పని చేయదు, ఎక్కువైతే విషమవుతుంది. అందుకే నడుమ నడుమ రక్తపరీక్ష చేయించాలి. అవ్వ భయపడుతుందని, ఇదీ ఒక రకం ఉప్పే అని చెప్పమందట. అవ్వకు మిగిలిన మాటలేవీ గుర్తుండలేదు, ఉప్పు ఒక్కటే గుర్తుంది.

కొన్ని నెలలకు చిన్నాయన రాత్రి నిద్రపోయి పొద్దున లేచే మనిషి అయ్యాడు. పని చేసేవాడు, మితంగా మాట్లాడేవాడు. అందరూ సంతోషించారు. నాకు మాత్రం ఇంట్లోకి మూడో మనిషి ఎవరో వచ్చినట్టుండేది.

ఎండాకాలం వచ్చింది. మందు పడిందని తెలిశాక అవ్వ దాన్ని పూర్తిగా పట్టించాలని పూనుకుంది. చిన్నాయన గిన్నె వేరు చేసింది. ఉప్పు లేని సంగటి, ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని మజ్జిగ. "మాత్రలోనే ఉప్పు పోతాండాది, కూట్లో కూడా యాలప్పా?" అని నాయన నోరు మూయించింది. లెక్క ప్రకారం సరిగ్గానే ఉన్నట్టు నాకూ తోచింది.

వారం పది రోజులు గడిచేసరికి చిన్నాయన చేయి వణకడం మొదలైంది. సంగటి ముద్ద నోటిదాకా పోక ఒళ్లో పడేది. వాంతులయ్యాయి. మాట ముద్దగా వచ్చింది, నడక తూలింది. పక్కింటాయన చూసి, "ఏమప్పా, పొద్దున్నే ఏసినావా?" అని నవ్వాడు. అవ్వ మాత్రల డబ్బా కొంగులో మూటగట్టుకుంది. ఇంక ఒక్కటి కూడా మింగనీయనంది. ఈ మందు తన కొడుకును చంపుతోందని ఆమె అనుమానం. మందు లేకపోతే ఆయన మళ్లీ ఆ మాట అంటాడని నాయన భయం. ఎవరిది నిజమో తెలియక నేను ఇద్దరి ముఖాలూ చూశాను. నేను పక్కనుంటేనే వస్తానని చిన్నాయన నా చేయి వదల్లేదు. అందరం మదనపల్లె బస్సెక్కాం.

డాక్టరమ్మ చూడగానే మాత్ర ఆపమంది, రక్తం తీయించింది, సెలైన్ పెట్టించింది. తర్వాత అవ్వను కూర్చోబెట్టి ఏమేం పెడుతున్నావని అడిగింది.

"పథ్యంలో నేను ఏం తక్కువ చేయలేదమ్మా. ఉప్పురాయి తగలనీలే" అంది అవ్వ.

డాక్టరమ్మ కసురుకుంటుందని అనుకున్నాను. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని నెమ్మదిగా చెప్పింది. "ఒంట్లో ఉప్పు తగ్గితే మూత్రపిండాలకు తికమక అవుతుందమ్మా. ఈ మందును కూడా ఉప్పే అనుకుని బయటికి పోనీకుండా పట్టి పెట్టుకుంటాయి. ఎండకు చెమట పోయినా, వాంతులైనా అంతే. ఇప్పుడు ఆ సీసాలో ఎక్కుతాండేది కూడా ఉప్పునీళ్లే."

అవ్వ సీసా వంక చూసింది. "అయితే నా చేత్తో నేనే..." అని ఆగిపోయింది.

"నీ చేత్తోనే బాగుపడాల. ఈ మందుకూ పథ్యం ఉండాది. మానేసే పథ్యం కాదు, మార్చని పథ్యం. దినామూ ఒకే మాదిరి ఉప్పు, బాగా నీళ్లు. నొప్పులకని అంగట్లో మాత్రలు కొని వేయొద్దు. రక్తపరీక్ష తప్పొద్దు. ఈ పని ఇంట్లో నీకంటే బాగా ఎవురు చేస్తారు?"

అవ్వ కొంగుముడి విప్పి డబ్బా ఆమె బల్ల మీద పెట్టింది. రక్తంలో మందు దిగాక, మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెడతానంది డాక్టరమ్మ. మూడోరోజు ఆసుపత్రిలోనే అవ్వ గంజిలో ఉప్పు కలిపి, తను రుచి చూసి తాగించింది. చిన్నాయన చేయి అప్పటికి నిలకడగా ఉంది. "ఇప్పుడు కూడు మాదిరి ఉండాదిమా" అన్నాడు.

నేను డాక్టరమ్మను బయట ఆపి అడిగాను, సైకిలు మీద పాడిన చిన్నాయన కూడా జబ్బేనా అని. "పాట ఆయనదే అబ్బోడా. నిద్ర లేకుండా పాడడం జబ్బు. యాడ ఆయన ఆగి జబ్బు మొదలైతాదో గీత గీసి చెప్పడం నాకూ రాదు" అంది.

తర్వాత నేను ఇంజనీరింగ్ చదివాను. యంత్రం చెడితే, కొత్తగా ఏం చేర్చారని అందరూ అడుగుతారు. ఏం తీసేశారని నేను అడుగుతాను. అది ఆ ఆసుపత్రిలో నేర్చుకున్నదే. దాని గురించి నాకు అనుమానం లేదు.

డాక్టరమ్మ గీయలేనన్న ఆ గీత మాత్రం నాకూ తేలలేదు. చిన్నాయన ఇప్పటికీ మాత్ర వేసుకుంటాడు, నిద్రపోతాడు, తోట చూసుకుంటాడు. ఆయన బతికి ఉన్నందుకు నాకు ఎంత సంతోషమో చెప్పలేను. అయినా కొన్నిసార్లు ఆయన నెమ్మదిగా మాట్లాడుతుంటే, జబ్బు తెచ్చి చూపించిన ఆ పాడే మనిషి మీద నాకు బెంగ కలుగుతుంది. అలా బెంగపడడం తప్పో కాదో తెలియదు. ఆ బెంగతోనే ప్రతి ఆదివారం ఫోన్ చేసి, మాత్ర వేసుకున్నావా చిన్నాయనా అని అడుగుతాను.