ఎడమకు తిరిగే ముఖం

2022 చివరి నెలలవి. దుకాణాల్లో మాస్కు తప్పనిసరి కాదని ప్రకటించి ఎంతో కాలం కాలేదు. జురాంగ్ ఈస్ట్‌లో ఫ్లాట్ల బ్లాకు కింద, మంగలి దుకాణానికీ మందుల దుకాణానికీ మధ్యన ఇరుక్కుని ఉంటుంది మా ఫోటో దుకాణం. మా మామగారు పెట్టింది, మా ఆయన నడిపింది, ఆయన పోయాక నా చేతికి వచ్చింది. పెళ్ళిళ్ళకు, పుట్టినరోజులకు నేను వెళ్ళను. పాస్‌పోర్టు, వీసా, వర్క్ పర్మిట్, ఇక్కడ అందరూ ఐసీ అనే గుర్తింపు కార్డు, వీటికి కావలసిన ఫోటోలే తీస్తాను.

బయటివాళ్ళకు ఇది చాలా తేలిక పనిలా కనిపిస్తుంది. తెల్లటి తెర ముందు స్టూలు, ఎదురుగా కెమెరా, ఒక నొక్కు. కాని మామూలు ఫోటోలో ఏది బాగుంటుందో అదే ఈ ఫోటోలో పనికిరాదు. నవ్వకూడదు. కోపంగానూ ఉండకూడదు. దాన్ని న్యూట్రల్ ఎక్స్‌ప్రెషన్ అంటారు, అంటే మనిషి ఏ సంగతీ బయటపెట్టని ముఖం. చెవుల వెనక నీడ పడకూడదు, అందుకని రెండు పక్కలా దీపాలు పెడతాం. జుట్టు కనుబొమల మీద పడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, తల ఒక పక్కకు వాలకూడదు, తిరగకూడదు. మా పనిలో దాన్ని హెడ్ టిల్ట్ అంటాం. ఆఫీసులో ఈ ఫోటోను చూసేది మనిషి కాదు, యంత్రం. కళ్ళ మధ్య దూరం, ముక్కు, గడ్డం కొలుచుకుంటుంది. ముఖం కొంచెం తిరిగినా దాని లెక్క తప్పుతుంది, దరఖాస్తు వెనక్కి వస్తుంది.

నా దగ్గర తీసిన ఫోటో వెనక్కి రాదని ఈ చుట్టుపక్కల పేరు. ఆ పేరు విని ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు వచ్చారు. షిప్‌యార్డులో పనిచేసేవాళ్ళు, ఒకే డార్మిటరీలో ఉండేవాళ్ళు. ఫోటో కావలసినవాడి పేరు సింహాచలం, శ్రీకాకుళం వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి. అతని స్నేహితుడు మల్లేశం, కరీంనగర్ వైపు వాడు. మాట్లాడిందంతా మల్లేశమే.

"ఆంటీ, వీని ఫోటో రెండుసార్లు వాపస్ అచ్చింది. ఒకటి స్టేషన్ల మిషిన్ల దిగిండు, ఇంకోటి ఏరే దుకాణంల. మొఖం సక్కగ లేదంటరు. మూడోసారి గూడ వాపస్ పంపిండ్రంటే మా కంపెనీ వీన్నే వాపస్ పంపుతది."

సంగతి హాస్యం కాదు. సింహాచలం పాస్‌పోర్టు గడువు దగ్గర పడింది. కొత్త పాస్‌పోర్టు చేతికొస్తే గాని వర్క్ పర్మిట్ పొడిగించరు. పర్మిట్ పోతే యార్డులో పని పోతుంది. అతను అక్కడ రిగ్గర్. అంటే క్రేన్ ఎత్తే బరువులకు గొలుసులు కట్టి, కింద నిలబడి చేతి సైగలతో, వాకీటాకీతో క్రేన్ డ్రైవరుకు దారి చూపే పని. ఏళ్ళ తరబడి నేర్చుకుని అక్కడికి ఎదిగాడు.

"ఇంతేనా? కూర్చో బాబూ," అన్నాను.

స్టూలు మీద కూర్చోబెట్టి గడ్డం పట్టుకుని ముఖం సరిచేశాను. కెమెరా వెనక్కి వెళ్ళి, "ఇటు చూడు, కదలకు," అన్నాను. ముఖం ఎడమకు తిరిగింది. మళ్ళీ వచ్చి సరిచేశాను. వెనక్కి వెళ్ళి, "ఇప్పుడు బాగుంది, అలాగే ఉండు," అనేసరికి మళ్ళీ ఎడమకు. కొంచెమే. కాని తెర మీద చూస్తే కుడి చెవి పూర్తిగా కనబడుతోంది, ఎడమ చెవి అంచు మాత్రమే.

పిల్లలకు చేసినట్టు లెన్సు పైన ఎర్ర చుక్క అంటించి, "దీన్ని చూడు," అన్నాను. కళ్ళు చుక్క మీద, ముఖం ఎడమకు. ఇంకా ఘోరంగా తయారైంది.

మల్లేశం నవ్వాపుకోలేకపోయాడు. "ఏందిర, పెండ్లిచూపులల్ల పిల్ల లెక్క పక్కకు తిరుగుతున్నవ్? ఆంటీ నిన్నేం చేసుకోదుర!"

"నాను కదలలేదురా. సూడమన్నకాడే సూత్తన్నాను," అన్నాడు సింహాచలం. ముఖం ఎర్రబడింది.

మెడ పట్టేసిందేమో అనుకున్నాను. బరువులు మోసేవాళ్ళకు ఒక భుజం కిందికి దిగి తల వాలడం చూశాను. "మెడ నొప్పిగా ఉందా?" అని అడిగాను. "ఆఁ," అన్నాడు. మెడ తిప్పి చూశాను, మెత్తగా తిరిగింది. "నొప్పి లేదు కదా?" అంటే దానికీ "ఆఁ". కాస్త తేలికపడతాడని మాట మార్చి, "మీది ఏ ఊరు బాబూ?" అన్నాను.

"ఆఁ, అవునమ్మా," అన్నాడు.

మల్లేశం పడీ పడీ నవ్వాడు. "ఏ ఊరంటే అవునంటవేందిర!"

నాకు నవ్వు రాలేదు. ఆ "ఆఁ" నాకు బాగా తెలిసినది. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. రాత్రి బడిలో ముందు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత ఆదివారాలు తెలుగు నేర్పే తరగతిలో ఏడేళ్ళ పిల్లల పక్కన కూర్చుని అఆలు. అంతకుముందు ఎవరైనా కాగితం చేతికిస్తే పైనుంచి కిందికి ఒకసారి చూపు పోనిచ్చి, "ఆఁ, సరే," అనేదాన్ని. కళ్ళజోడు మర్చిపోయానని చెప్పేదాన్ని. పక్కవాళ్ళు నవ్వితే ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వేదాన్ని. ఆ "ఆఁ"కు అవునని అర్థం కాదు. ఇంకేం అడగొద్దని అర్థం.

ఇతను దాచేది చదువు కాదు. మరేమిటి?

మల్లేశాన్ని పిలిచి, పక్క బ్లాకు కాఫీషాపు నుంచి మూడు తేహ్, అంటే పాల టీ, పట్టుకురమ్మన్నాను. ఆదివారం అక్కడ పెద్ద వరస ఉంటుంది, అంత త్వరగా రాడు. అతను వెళ్ళాక దీపాలు సర్దుతున్నట్టు సింహాచలం వెనక్కి వెళ్ళాను. ఎడమ పక్కన నిలబడి, బాగా తగ్గించిన గొంతుతో, "సింహాచలం," అన్నాను. కదల్లేదు. కుడి పక్కకు వచ్చి అదే గొంతుతో అన్నాను. వెంటనే తిరిగాడు.

అంతే, తాళం తెరుచుకుంది. నేను మాట్లాడిన ప్రతిసారీ వినపడే చెవిని నా వైపు తెస్తున్నాడు, దానితో పాటే ముఖం ఎడమకు తిరుగుతోంది. స్టేషన్లో ఉండే ఫోటో యంత్రం కూడా మాట్లాడుతుంది, గడ్డం ఎత్తు, కళ్ళు తెరువు అని. దాని మాటకూ చెవి పెట్టి ఉంటాడు. పైగా నాకు అలవాటై దుకాణంలో మాస్కు తీయలేదు. పెదాలు చూసి అర్థం చేసుకునే దారి కూడా నేనే మూసేశాను.

మాస్కు తీసి, అతనికి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"ఎడమ చెవి ఎన్నాళ్ళ నుంచి వినపడటం లేదు నాయనా?"

నా పెదాల వైపే చూశాడు.

"ఎవులికీ సెప్పకండమ్మా. సిన్నప్పుడు సీము కారేది. అప్పుడు కొంచెం ఇనపడేది. యార్డు మోతలో మొత్తం పోయింది. తెలిస్తే క్రేను కాడ ఉంచరు."

"ఏటేటా చెవి పరీక్ష చేయరా?"

"సేస్తారు. ఈయేడు ఆ దినం కడుపునొప్పని రూములో పడుకున్నాను."

"నేనెవరికీ చెప్పను. ముందు ఫోటో చూద్దాం," అన్నాను.

ఫోటో నిజంగా నిమిషంలో అయిపోయింది. కెమెరా వెనక నుంచి ఒక్క మాట కూడా మాట్లాడనని, నేను చెయ్యి ఎత్తినప్పుడు ఊపిరి బిగబట్టమని ముందే ఎదురుగా నిలబడి చెప్పాను. వెళ్ళాను. చెయ్యి ఎత్తాను. అతను రోజంతా సైగలతోనే బతికే మనిషి. ముఖం నిలువుగా, రెండు చెవులూ సమానంగా, కళ్ళు సూటిగా. అంత శుభ్రమైన ఫోటో ఆ వారంలో నేను ఇంకెవరికీ తీయలేదు.

ఫోటోలు కత్తిరించి కవరులో పెట్టి ఇచ్చాను. అతని చెవి సంగతి తెలిసినా ఫోటోలు ఇవ్వకుండా ఆపే ఆలోచన నాకు రాలేదు. అతని ముఖం అతనిది, పాస్‌పోర్టు అతని హక్కు. కాని మనసులో మాట దాచుకోలేదు.

"ఈ ఫోటో చూసి యంత్రం ఒప్పుకుంటుంది. క్రేన్ ఒప్పుకోదు కదా. ఎడమ పక్కనుంచి ఎవరైనా అరిస్తే?"

"మల్లేశం ఉంటాడమ్మా ఆ పక్క," అన్నాడు. చెప్పాక తనే ఆగిపోయాడు, ఆ మాట మొదటిసారి విన్నవాడిలా.

మల్లేశం ప్లాస్టిక్ సంచుల్లో తేహ్ పట్టుకుని వచ్చాడు. మా ముఖాలు చూసి నవ్వు మానేశాడు. వచ్చి కూర్చున్నది కూడా సింహాచలం ఎడమ పక్కనే.

"నువ్వు ఆ పక్కనే ఎందుకు కూర్చున్నావు మల్లేశం?" అన్నాను.

అతను నా వైపు చూశాడు, స్నేహితుడి వైపు చూశాడు. తర్వాత సింహాచలానికి వినపడేలా గట్టిగానే చెప్పాడు. "నాకెర్కనే ఆంటీ. ఎప్పటిసందో ఎర్కనే. గాడు చెప్తలేడు, నేను అడుగుతలేను. పక్కన నిలవడ్డ, గంతే."

"తెల్సా నీకు?" అన్నాడు సింహాచలం. "తెల్సుండి నన్ను అందరి ముందూ ఎగతాళి సేత్తావా?"

"మరి గట్టిగ ఒర్లకపోతే నీకినవడదు గదర! ఉత్తగ గట్టిగ మాట్లాడితే అందరు ఏందని అడుగుతరు. ఎక్కిరిస్తే ఎవ్వరడగరు."

మల్లేశమే మళ్ళీ అన్నాడు, ఈసారి ఎగతాళి లేకుండా. "అచ్చే నెల ఊరికి పోతున్న. రెండు నెలలు ఉండ. నీ ఎడమ పక్కకు ఎవల్ని నిలవెట్టి పోవాల్నో చెప్పు. నాకు అక్కడ బువ్వ ఎట్ల దిగుతది?"

సింహాచలం తేహ్ ముట్టుకోకుండా కవరు జేబులో పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు. పని కోసం వచ్చిన మనిషి గుట్టు లాగినందుకు కోపం వచ్చి ఉంటుంది. వచ్చినా తప్పు లేదు.

ఫోటో వెనక్కి రాలేదు. మిగతా సంగతి, ఊరికి బయలుదేరే ముందు మల్లేశం వచ్చి చెప్పాడు. మా దుకాణానికి వచ్చి వెళ్ళిన వారంలోనే సింహాచలం తనంతట తాను సేఫ్టీ ఆఫీసరు దగ్గరికి వెళ్ళాడట. ముందు చీవాట్లు పడ్డాయి. తర్వాత ఆడియోమెట్రీకి పంపారు, అంటే గదిలో కూర్చోబెట్టి సన్నటి శబ్దాలు వినిపించి చెవి ఎంత పనిచేస్తుందో కొలిచే పరీక్ష. ఎడమ చెవి ఇక రాదని, కుడి చెవినైనా కాపాడుకోమని డాక్టరు చెప్పాడు. క్రేన్ దగ్గర నుంచి తీసేశారు. ఇంటికి పంపలేదు, పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే స్టోరులో వేశారు. కొత్త పాస్‌పోర్టు రాగానే పర్మిట్ కూడా పొడిగిస్తామన్నారు.

కొన్ని నెలలకు సింహాచలమే వచ్చాడు, కొత్త పాస్‌పోర్టు తెరిచి ఫోటో చూపించాడు. మాస్కు తీసి ఎదురుగా నిలబడ్డాను.

"రిగ్గరంటే యార్డులో ఒక మర్యాదుండేదమ్మా," అన్నాడు. "ఇప్పుడు స్పానర్లు లెక్కెడతన్నాను. ఓవర్‌టైమూ తగ్గిపోనాది."

"కోపంగా ఉందా నా మీద?"

"ఉన్నాది." పాస్‌పోర్టు మూసి జేబులో పెట్టుకుని, "మల్లేశం ఊర్లో ఉన్నన్నాళ్ళూ రోజూ ఫోన్ సేసీవోడు. ఎడమేపు ఎవులున్నారని అడిగీవోడు. స్టోరు గోడ ఉన్నాదని సెప్పీవోన్ని," అని నవ్వేశాడు.

ఇన్నేళ్ళ పనిలో వేల ముఖాలు చేత్తో పట్టుకుని తిప్పాను. ముఖాన్ని నిలబెట్టడమే నా పని అనుకున్నాను, అందులో నాకు మంచి నేర్పు ఉంది కూడా. సింహాచలం దగ్గర నేర్చుకున్నది ఒకటే. ముఖం ఒక పక్కకు తిరిగిందంటే ఊరికే తిరగదు. తిప్పే ముందు ఎందుకు తిరిగిందో తెలుసుకోవాలి.

మొన్న ఒక ముసలావిడ వచ్చింది, ఐసీ మార్చుకోవాలని. వాళ్ళ తాతల కాలంలోనే ఇక్కడికి వచ్చిన తెలుగు కుటుంబం. ఫోటో కోసం కళ్ళజోడు తీయించాను. అప్పటి నుంచి గడ్డం పైకి లేపుతూనే ఉంది. పక్కనున్న మనవరాలు అవ్వను ఇక్కడి తమిళుల్లా పాటీ అని పిలుస్తూ విసుక్కుంటోంది, "పాటీ, చిన్ డౌన్ లా! ఎన్నిసార్లు చెప్పాలి?"

నేను గడ్డం ముట్టుకోలేదు. "ఏం వెతుకుతున్నారు పెద్దమ్మా?" అని అడిగాను.

"నీ మొహం ఎక్కడుందో తెలియట్లేదే అమ్మా," అంది. "కొంచెం దగ్గరికి రా."

కెమెరా స్టాండు పట్టుకుని దగ్గరికి జరిగాను.