హట్ బేలో మూడో ఆదివారం

సముద్రపు ఎర్ర ఏ ప్రజాతిదో చెప్పాలంటే ముందు దాని గొంతు చూడాలి. పైకి ఈ పురుగులన్నీ ఒకటే. వేలెడు పొడుగు, పక్కలంతా సన్నటి ముళ్ళ వెంట్రుకలు, తలమీద నాలుగు కళ్ళు. జంగ్లీఘాట్ రేవులో చేపల ఎరగా గాలాలకి గుచ్చేవాళ్ళు వాటిలో తేడా చూడరు. నేను పనిచేసే సముద్రజీవుల సర్వే ఆఫీసులో మాత్రం గొంతు లోపలి పళ్ళు చూసి పేరు తేల్చేవాళ్ళం. అన్నీ మొనదేలిన చుక్కల్లా ఉంటే నెరిస్. వాటితోపాటు రెండు పక్కలా అడ్డగీతల్లాంటి పళ్ళుంటే పెరినెరిస్.

ఆ గొంతు లోపలికి ముడుచుకుని ఉంటుంది. ఎర్రని ఉప్పునీళ్ళ పళ్ళెంలో వేసి, మంచినీళ్ళు చుక్క చుక్కగా కలుపుతూ కూర్చోవాలి. కాసేపటికి ఒళ్ళు వదులు చేస్తుంది. అప్పుడు తల వెనక వేలితో మెల్లగా నొక్కితే గొంతు తిరగబడి బయటికొస్తుంది. తొందరపడి ఒక్కసారిగా ఫార్మలిన్‌లో పడేశామంటే బిగుసుకుని చస్తుంది. ఇక కోసి చూడటమే.

నాకు ఆ పనంటే ఇష్టం. మా నాన్న చాతం సామిల్లులో పనిచేసేవాడు. దుంగ కోసిన చోట వేలితో రాసి ఇది పడౌక్, ఇది గర్జన్ అని చెప్పేవాడు. అలాంటి మనిషికి కూడా పురుగుల్ని చూసినందుకు జీతమిస్తారంటే చాలాకాలం నమ్మకం కుదరలేదు.

ఇంతలో కాకినాడ నుంచి సంబంధం వచ్చింది. పెళ్ళయ్యాక ఉద్యోగం మానెయ్యాలన్నారు. నన్ను అడగలేదు, చెప్పారు. నాన్న సరేనని మాటిచ్చేశాడు. నాకిష్టం లేదని అమ్మతో అన్నాను.

"ఆ మాట మీ నాన్న చెవిని వెయ్యకే. మాటిచ్చి తప్పేడంటే సంఘంలో తలెత్తుకోగలడా?" అంది అమ్మ. ఆ తరవాత నేను నాన్న దగ్గర కూర్చుంటే చాలు, ఏదో పని చెప్పి లేపేసేది.

మా తెలుగు క్రైస్తవ సంఘంలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ఆరాధనలో ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ వివాహం, ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పాలి అని పాస్టరుగారు ఒక్క క్షణం ఆగుతారు. ఆ అభ్యంతరం పెళ్ళికూతురికే ఉండొచ్చని ఆ పద్ధతి పెట్టినవాళ్ళకి తట్టినట్టు లేదు. మొదటి ఆదివారం పాటల పుస్తకంలోకి చూస్తూ కూర్చుండిపోయాను. రెండో ఆదివారం అమ్మ నా కొంగుమీద చెయ్యేసుకుని కూర్చుంది. మూడోసారి ఎలాగైనా లేచి తీరాలనుకున్నాను. ఆ తరవాత అడిగేవాళ్ళుండరు.

ఆ వారమే మా ఆఫీసు సారు నన్ను ఓడమీద హట్ బే దీవికి బయల్దేరదీశాడు. అమావాస్య పాటుకి నీళ్ళు బాగా వెనక్కి పోతాయి, చచ్చిన పగడపు రాళ్ళు బయటపడతాయి, వాటిని పగలగొడితే ఎర్రలు దొరుకుతాయి. శనివారం ఓడకి తిరిగొచ్చేస్తాం కదా అని ఒప్పుకున్నాను. వెళ్ళాం, పగలగొట్టాం, డబ్బాలు నింపుకున్నాం. శనివారం పొద్దున్నే సామాన్లతో జెట్టీకి పోతే అక్కడి మనిషి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"జహాజ్ రాదు దీదీ. మౌసం ఖరాబుంది, పెద్దగాలి."

"రేపు?"

"క్యా పతా. సముద్రాన్ని అడగాలి."

నాకు ఏడుపొచ్చింది. ఇంటికి కబురు చెయ్యాలంటే పోలీసు వైర్‌లెస్ తప్ప దిక్కులేదు. నాకీ పెళ్ళి వద్దని పోలీసుల చేత చెప్పించనా?

ఆదివారం గెస్ట్‌హౌస్ వరండాలో పళ్ళెం ముందు కూర్చున్నాను. వాన తెరిపివ్వలేదు. ఆరాధన వేళయింది. ఇప్పుడు మొదటి పాట. ఇప్పుడు ప్రార్థన. ఇప్పుడు ప్రకటనలు. నా పేరు చదువుతున్నారు. నేను నీళ్ళ చుక్కలు వేస్తూనే ఉన్నాను. పాస్టరుగారు ఆగే క్షణం ఇదే అనిపించగానే నా వల్ల కాలేదు. ఎర్రని చిమటాతో ఎత్తి ఫార్మలిన్‌లో పడేశాను. అది గొంతు బిగించుకుని మెలికలు తిరిగి ఆగిపోయింది.

సారు వంగి చూశాడు. "ఇత్నీ జల్దీ క్యా థీ?" అన్నాడు, అంత తొందరేమొచ్చిందని.

బ్లేడు తీసి దాని గొంతు కోశాను. అడ్డగీతలు ఉన్నాయి. పెరినెరిసే. జీవితంలో ఒక పురుగు పేరు తెలిసి నాకంత ఒళ్ళుమండింది అప్పుడే.

మంగళవారానికి ఓడ వచ్చింది. మా ఊరి రేవు ఫీనిక్స్ బేలో దిగేసరికి జెట్టీ మీద నాన్న ఉన్నాడు, భుజాన తువ్వాలుతో.

"మూడో ప్రకటన కూడా అయిపోయింది తల్లీ. ఎవరూ లేవలేదు. కాకినాడకి తంతి కొట్టేసి ఇంటికెళ్దాం, తేదీ ఖాయమని."

"నేను లేద్దామనుకున్నాను నాన్నా."

"ఏటి?"

"ఆదివారం లేచి నాకిష్టం లేదని చెబుదామనుకున్నాను. ఓడ రాలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఈ పెళ్ళి నాకొద్దు. నా పని నేను మానను."

వెనక కూలీలు "హటో, హటో" అంటూ మూటలతో తోసుకొస్తున్నారు. నాన్న కదల్లేదు. ఆయన మొహం చూడలేక చేతిలోని ఎర్రల డబ్బా వైపు చూస్తూ నిలబడ్డాను.

"మీ అమ్మకి తెలుసా?" అన్నాడు చివరికి.

"తెలుసు."

నాన్న వంగి నా చేతిలో డబ్బా తీసుకున్నాడు.

"ఇందులోవి బతికున్నాయా?"

"కొన్ని."

తువ్వాలు తడిపి డబ్బామీద కప్పి, ఎండ తగలకుండా ఒంటికి ఆనించుకుని నడిచాడు. తంతి ఆఫీసు మలుపులో నేను ఆగాను. ఆయన ఆగలేదు, ఇంటి దారినే పోయాడు.