సగంలో మూసిన నవలలు

మార్చురీలో పనిచేసే ఆయనకు వరుస హత్యల నవలలంటే పిచ్చి. "పొద్దస్తమానం శవాల మధ్యే ఉంటారు, ఇంటికొచ్చాక కూడా అవేనా?" అని భార్య తల బాదుకున్నా పుస్తకం దించడు.

ఒక ఆదివారం అలమర దులుపుతున్న కూతురికి ఓ వింత కనిపించింది. ఏ నవలా ఆయన చివరిదాకా చదవలేదు. గుర్తుగా పెట్టుకున్న కాగితం ముక్క ప్రతిదాంట్లోనూ మధ్యలోనే ఆగిపోయి ఉంది.

"ఏంటి నాన్నా, భయమేసి ఆపేస్తావా? హంతకుడెవడో తెలియకుండా అసలు నిద్రెలా పడుతుంది నీకు?" అని ఆటపట్టించింది.

ఆయన నవ్వలేదు. ఎవరూ వెతుక్కుంటూ రాని ఒక ముసలావిడను, కాలి బొటనవేలికి ఉత్త నంబరు చీటీతో, నిన్ననే మట్టిలో పెట్టించి వచ్చాడు. అలాంటివాళ్లు ఆయన చేతుల మీదుగా ఎంతమంది పోయారో!

"చంపినోడు ఎవడైతే నాకేంటమ్మా? ఆ పోయిన మనిషి ఎవరో కనుక్కుందామని అందులో పోలీసాయన తిండీ తిప్పలూ మానేసి ఇల్లిల్లూ తిరుగుతాడు. సగం కథకొచ్చేసరికి పేరు దొరుకుతుంది. అక్కడిదాకా చదివితే చాలు, నాకు నిద్ర పట్టేస్తుంది."